సముద్రం ఒడ్డున ఒక రైల్వే గేటు

2024 నవంబరులో యంత్రసామగ్రి తనిఖీ నిమిత్తం మేము నలుగురు ఇంజనీర్లము జపాను దేశంలోని కవాసాకీ నగరంలో పన్నెండు రోజులు ఉండవలసి వచ్చినది. తనిఖీ వివరాలు నివేదికలో ఉన్నవి గనుక వాటితో పాఠకులను విసిగించబోము. నడుమ ఒక ఆదివారం మాకు విరామం దొరికినది. ఆ రోజు చూచిన ఒక చిన్న స్థలాన్ని గురించి, అక్కడికి దేశదేశాల జనం ఎందుకు వస్తున్నారన్న ప్రశ్నను గురించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మిగిలిన ముగ్గురూ కమకురా మహాబుద్ధ విగ్రహం చూడాలని ముందే నిశ్చయించుకున్నారు. అది పదమూడవ శతాబ్దపు కంచు విగ్రహం. పీఠం కాక ఎత్తు 11.3 మీటర్లు. అంతటి పోతను ఆ కాలంలో ఎట్లా పోశారో కళ్ళారా చూడవలసినదేనని మా మెకానికల్ మిత్రుని పట్టు. మా ఇంటి నుండి వచ్చిన కోరిక మాత్రం వేరు. మా అబ్బాయి పూనాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ప్రయాణానికి ముందు కెమెరాయో గడియారమో అడుగుతాడనుకున్నాము. అతడు అడిగినది ఒక్కటే. "నాన్నగారూ, కమకురా కోకో మయే అని ఒక చిన్న స్టేషను ఉంటుంది. దాని పక్కనే ఒక రైల్వే గేటు. అక్కడ ఒక ఫోటో తీసి పంపండి. మీరు ఫోటోలో లేకపోయినా ఫరవాలేదు."

రైల్వే గేటుకు ఫోటో ఏమిటని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

కవాసాకీ నుండి ఫుజిసవా వరకు పెద్ద రైలు. అక్కడినుండి ఎనోడెన్ అనే చిన్న రైలు. దీనిని గురించి నాలుగు ముక్కలు చెప్పకుండా ముందుకు పోవడం మా వృత్తికి ద్రోహం. మొత్తం మార్గం 10 కిలోమీటర్లు, స్టేషన్లు 15, ప్రయాణం అరగంటకు కొంచెం పైన. మొదటి భాగం 1902లో ప్రారంభమై, మార్గమంతా 1910 నాటికి పూర్తి అయినది. 600 వోల్టుల డీసీ విద్యుత్తుతో ఒంటి పట్టా మీద నడుస్తుంది. ఎదురెదురు బండ్లు అక్కడక్కడా ఏర్పరచిన చోట్ల మాత్రమే తప్పుకుంటాయి. అందువలన ఒక బండి ఆలస్యమైతే రెండవది కాచుకోవలసిందే. 14 నిమిషాల కొకటి చొప్పున ఇరువైపులా నడుపుతున్నారు. బండి ఇళ్ళ పెరళ్ళను ఒరుసుకుంటూ పోతుంది. ఆరవేసిన బట్టలు, తులసికోట వంటి చిన్న చిన్న కుండీలు కిటికీకి అందేటంత దగ్గర. ఎనోషిమా దాటిన తరువాత 28 మీటర్ల వ్యాసార్థం గల మలుపు తిరిగి, తిన్నగా వీధిలోకి ప్రవేశించి, మోటారు కార్ల నడుమ ట్రాము వలె సాగుతుంది. ఆ మలుపులో చక్రాల కీచుధ్వని విని మా ఎలక్ట్రికల్ మిత్రుడు ఆనందంతో లేచి నిలబడినాడు.

ఆ వీధి దాటగానే ఎడమచేతివైపు కొండ, కుడిచేతివైపు సముద్రం. ఆ పైన స్టేషను. ఒకటే ప్లాట్‌ఫారం, సముద్రానికి ఎదురుగా బల్లలు. ఆకాశం నిర్మలంగా ఉన్నందున సగామీ అఖాతం అవతల ఫూజీ పర్వతం కనిపించినది. స్టేషను పేరుకు 'కమకురా ఉన్నత పాఠశాల ముందర' అని అర్థం. పేరు పెట్టడంలో వారిది మన రైల్వేవారి పద్ధతే అనిపించినది.

గేటు అక్కడికి కొద్ది అడుగుల దూరంలో ఉన్నది. కొండ మీదినుండి ఒక వీధి సముద్రం వైపు ఏటవాలుగా దిగి, పట్టాలను దాటి, తీరపు రహదారిలో కలుస్తుంది. అంతే. మన జిల్లా రోడ్ల మీది గేట్లకంటె చిన్నది. దాని ముందు రెండు మూడు వందల మంది నిలబడి ఉన్నారు! తైవాను వారు, కొరియా వారు, థాయి దేశస్థులు. చెన్నై నుండి వచ్చిన ఇద్దరు యువకులు కూడా కనిపించారు. జనం రోడ్డు మీదికి రాకుండా కాపలాదారులు అదే పనిగా చేతులు ఊపుతున్నారు. అనేక భాషలలో హెచ్చరిక బోర్డులు. ఇళ్ళ ముందు గుంపులు కట్టవద్దని, రోడ్డు మధ్య నిలబడవద్దని ప్రార్థన. అక్కడి నివాసుల అవస్థ చూస్తే జాలి కలిగినది. గంట మ్రోగి, గేటు కర్ర వాలి, ఆకుపచ్చ రైలు వచ్చినప్పుడు అందరి చేతులూ ఒక్కసారి పైకి లేచినవి. రైలు దాటి వెళ్ళగానే జనం ఒక నిట్టూర్పు విడిచి, తరువాతి రైలు కోసం తిరిగి నిలబడినారు.

ఇంతకూ విషయం ఏమంటే, టకెహికో ఇనోవే అనే చిత్రకారుడు 1990 నుండి 1996 వరకు ఒక వారపత్రికలో 'స్లామ్ డంక్' అనే బొమ్మల కథ వ్రాసినాడు. బాస్కెట్‌బాల్ ఆడే పాఠశాల బాలుర కథ. 1993 నుండి 1996 వరకు అది 101 భాగాల టెలివిజన్ ధారావాహికగా వచ్చినది. దాని ప్రారంభగీతంలో ఎర్రజుట్టు నాయకుడు హనామిచి సకురాగి ఈ గేటు ముందు నిలబడి ఉంటాడు. వెనుక సముద్రం. మధ్య రైలు పోతుంది. ఆ కొద్ది క్షణాల దృశ్యం కోసమే ఈ జనమంతా. అప్పుడు అది చూచిన పిల్లలు ఈనాడు నలభై ఏళ్ళవారు. తమ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చినవారు మాకే చాలమంది కనిపించారు.

జపాను బొమ్మల చిత్రాలను యానిమే అంటారు. మా తరానికి అవి పూర్తిగా అపరిచితం కావు. 1993 ప్రాంతంలో మేము ట్రైనీలుగా హాస్టల్‌లో ఉన్నప్పుడు ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో మౌగ్లీ కథ వచ్చేది. అది జపాను వారు నిర్మించినదని అప్పుడు మాకు తెలియదు. కాని రాక్షసులు, మంత్రాలు, ఆకాశయానాలు, అంతరిక్ష యుద్ధాలు ఇన్ని ఉండగా, ఒక గదిలో పదిమంది కుర్రవాళ్ళు బంతి ఆడే కథకు ఇంత ఆకర్షణ ఎక్కడిది? గేటు దగ్గరినుండి ఇసుక ఒడ్డుకు దిగి, ఎలక్ట్రికల్ మిత్రుడు తెల్లవారుజామున గదిలో కలిపి తెచ్చిన పులిహోర పొట్లాలు విప్పుకుని, ఈ విషయమే చర్చించుకున్నాము. చర్చకు మొదటి అంతరాయం ఒక గ్రద్ద వలన కలిగినది. ఆ తీరంలో గ్రద్దలు చేతిలోని తిండిని తన్నుకుపోతాయని బోర్డులు ఉన్నవి. మేము వాటిని చదివి, మెచ్చుకుని, ఆకాశం వైపు చూడటం మరచాము. ఒక పొట్లం పోయినది.

మెకానికల్ మిత్రుని ప్రశ్న సూటిగా ఉన్నది. "నిజమైన ఆటలు రోజూ టీవీలో వస్తూండగా బొమ్మల ఆట ఎందుకండీ?" మాలో పెద్దవారైన డీజీఎం గారిది ఇంకొక సందేహం. "బొమ్మ గీసేవాడు తలచుకుంటే నాయకుడు గెలుస్తాడు గదా! ఇక ఉత్కంఠ ఏముంటుంది?"

ఈ రెండు ప్రశ్నలకూ ఆ ఒడ్డున మేము తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాము. తిరిగి వచ్చిన పిమ్మట కొంత చదివి, కొంత చూచి, కొంత మా అబ్బాయిని అడిగి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు డీజీఎం గారి సందేహం. ఈ కథలలో నాయకుడు తప్పక గెలుస్తాడని ఏమీ లేదు. 'స్లామ్ డంక్'లో సకురాగి జట్టు అయిన షొహోకు, దేశంలో అజేయమని పేరుపడిన సన్నో జట్టును 79-78 తేడాతో ఓడిస్తుంది. కథకు శిఖరం అదే. మరుసటి ఆటలో ఆ జట్టే చిత్తుగా ఓడిపోతుంది. ఆ ఓటమిని రచయిత ఒకటి రెండు వాక్యాలలో చెప్పి వదిలినాడు. 'హైక్యూ' అని వాలీబాల్ కథ ఉన్నది. 2012 నుండి 2020 వరకు సాగినది. అందులో ఎత్తు తక్కువైన హినాతా అనే బాలుడు ఎన్నో అవరోధాలు దాటి జాతీయ పోటీలకు వస్తాడు. తీరా కీలకమైన ఆటలో జ్వరం వచ్చి మధ్యలో కోర్టు విడిచి వెళ్ళవలసి వస్తుంది. జట్టు ఓడిపోతుంది. మాంత్రిక కథలో జ్వరానికి మందు ఉంటుంది, చనిపోయినవాడు కూడా లేచి వస్తాడు. ఇక్కడ శరీరం శరీరమే.

మా వృత్తి భాషలో చెప్పాలంటే సరిహద్దు నిబంధనలు స్థిరంగా ఉన్నప్పుడే లెక్కకు విలువ. యుద్ధ కథలలో నాయకుని బలం పెరిగిన కొద్దీ అంతకంటె బలవంతుడైన శత్రువును తేవలసి వస్తుంది. పదవ సంపుటం నాటికి కొండలు, ఇరవయ్యవ సంపుటం నాటికి గ్రహాలు పగులుతాయి. తరువాత పగలగొట్టడానికి ఏమీ మిగలదు. ఇటీవల మరొక తరహా వచ్చినది. నాయకుడు చనిపోయి వేరే లోకంలో సర్వశక్తులతో పుడతాడు. శ్రమ అన్నదే లేదు. బాస్కెట్‌బాల్ రింగు మొదటి భాగంలో 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది, నూట ఒకటవ భాగంలోనూ అంతే ఎత్తున ఉంటుంది. ఆట 40 నిమిషాలే. అయిదు తప్పులు చేసినవాడు బయటకు పోవలసిందే. మారేది ఆడేవాడు మాత్రమే. మొదట రింగుకు తగలని బంతి, వేసవి సెలవులలో ఇరవై వేల సార్లు విసిరిన తరువాత లోపల పడితే, ఆ సాధన అంతా మనం పక్కన ఉండి చూచినదే గనుక నమ్ముతాము. సకురాగికి ఆట నిబంధనలు ఒక్కటీ తెలియవు, ఒక అమ్మాయి మెప్పు కోసం జట్టులో చేరతాడు. అతడు నేర్చుకుంటూంటే చూచేవారూ నేర్చుకుంటారు. జీవితంలో బంతి ముట్టని మా శ్రీమతి కూడా ఇప్పుడు రీబౌండ్ అంటే ఏమిటో చెప్పగలదు.

ఇక మెకానికల్ మిత్రుని ప్రశ్న. నిజమైన ఆటలో పది సెకన్లు పది సెకన్లలో అయిపోతాయి; ఆటగాని మనసులో ఏమి జరిగినదో మనకు తెలియదు. యానిమేలో ఒక్క బంతి గాలిలో ఉండగానే ఆడేవాని బాల్యం, వాని అన్నగారి మరణం, ఎదుటివాని భయం అన్నీ చెప్పి, అప్పుడు బంతిని నేలకు దించుతారు. ఇది అసహజమని మన మిత్రుడు అనవచ్చు. కాని మన పద్యనాటకం సంగతి ఏమిటి? పాండవోద్యోగ విజయాల నాటకంలో శ్రీకృష్ణుడు సభలో నిలబడి పద్యం అందుకుంటే, రాగం పూర్తయ్యేవరకు దుర్యోధనుడు చేయి ఎత్తినవాడు ఎత్తినట్లే ఉంటాడు. రాయబారం విఫలమవుతుందని ప్రేక్షకులందరికీ తెలుసు. అయినా 'వన్స్ మోర్' అంటారు. ఫలితం కోసం కాక ఆ క్షణాన్ని సాగదీసి చూడటం కోసం తెల్లవార్లూ చాపల మీద కూర్చున్న జాతి మనది. ఈ విద్య మనకు కొత్త కాదు.

ఇంకొక సంగతి కూడా గమనించాము. ఈ కథలలో ప్రత్యర్థి దుష్టుడు కాడు. అతనికీ తల్లిదండ్రులు, సాధన, ఆఖరి సంవత్సరం ఉంటాయి. పాఠశాల మూడేళ్ళు, మూడవ ఏట ఓడినవానికి మరుసటి ఏడు లేదు. అందువలన ఒకరి గెలుపు చూస్తూ మరొకరి కోసం కంటతడి పెట్టవలసి వస్తుంది. 1970 మార్చి 24న టోక్యోలో ఒక వింత జరిగినది. 'అషితా నో జో' అనే బాక్సింగ్ కథలో నాయకుని ప్రత్యర్థి రికీషీ మరణించగా, పాఠకులు సుమారు 700 మంది ప్రచురణ సంస్థ భవనంలో జరిగిన అంత్యక్రియల సభకు హాజరైనారు. కల్పిత పాత్రకు, అందునా ప్రత్యర్థికి! ఆ కథ జరిగే సాన్యా దినకూలీల పేట. ఒక సాయంత్రం మా ఎలక్ట్రికల్ మిత్రుడు అక్కడికి వెళ్ళి జో విగ్రహాన్ని చూచి వచ్చినాడు. పక్కనే మూతపడిన దుకాణాలు ఉన్నవని, ఒక వృద్ధుడు విగ్రహం పక్క మెట్టు మీద కూర్చుని భోజనం చేస్తున్నాడని చెప్పినాడు.

మన వంటి కర్మాగారపు మనుషులకు ఎక్కువ దగ్గరైన కథ ఇంకొకటి ఉన్నది. 1969లో వచ్చిన 'అటాక్ నెంబర్ వన్' బాలికల వాలీబాల్ ధారావాహిక. దాని వెనుక నిజమైన చరిత్ర ఉన్నది. ఒసాకా ప్రాంతంలోని కైజుకాలో నిచిబో అనే నూలు మిల్లు ఉండేది. ఆ మిల్లులో ఉద్యోగం చేసే యువతుల జట్టుకు హిరోబుమి దైమత్సు శిక్షకుడు. పగలు ఉద్యోగం, సాయంత్రం నుండి అర్ధరాత్రి వరకు సాధన. నేల మీద దొర్లి బంతిని లేపే పద్ధతిని వారు అభ్యసించినది అక్కడే. 1962లో మాస్కోలో సోవియట్ జట్టును ఓడించి ప్రపంచ విజేతలైనారు. 1964 టోక్యో ఒలింపిక్స్ జట్టులో అత్యధికులు ఆ మిల్లువారే. అక్టోబరు 23న జరిగిన తుది పోటీకి టోక్యో ప్రాంతంలో టెలివిజన్ ప్రేక్షకుల శాతం 66.8. కైజుకా జట్టు వారసత్వం తరువాత యూనిటికా జట్టుగా సాగి, 2000 సంవత్సరంలో వేరొక సంస్థకు బదిలీ అయినది. సంస్థలు జట్లను పోషించడం తగ్గిన కాలం అది. మన యూనిట్ల మధ్య వాలీబాల్ పోటీలు జరిగినప్పుడు షిఫ్టు దిగి, బూట్లు విప్పకుండా కోర్టు వద్దకు పరుగెత్తిన వారికి ఈ వాక్యం చదివితే ఏమనిపిస్తుందో మేము వ్రాయనక్కరలేదు.

మన దేశానికి కూడా ఈ కథలు రాకపోలేదు. 1968లో టెలివిజన్‌కు వచ్చిన 'క్యోజిన్ నో హోషి' అనే బేస్‌బాల్ కథను క్రికెట్‌గా మార్చి, ముంబయి మురికివాడలో జరిగినట్లు చెప్పి, 2012 డిసెంబరు నుండి 'సూరజ్: ది రైజింగ్ స్టార్' పేరుతో హిందీలో ప్రసారం చేశారు. మూలంలో తండ్రి కొడుకు ఒంటికి ఇనుప స్ప్రింగుల సాధనం తొడిగి బలం పెంచుతాడు. అది పసివానిని హింసించినట్లు ఉంటుందని ఇక్కడ సైకిల్ ట్యూబులుగా మార్చినారు. మా నలుగురిలో ఎవరికీ దీని పేరు కూడా తెలియదు. స్ప్రింగు గట్టిదనం, ట్యూబు సాగుదల గురించి మాత్రం చర్చ తిరుగు రైలులో చాలసేపు నడిచినది.

కొడుకు ఒంటికి స్ప్రింగులు తొడిగిన తండ్రి మాట వచ్చినది గనుక మా ఇంటి సంగతి కూడా చెప్పవలసి ఉన్నది.

మా అబ్బాయి పదవ తరగతి వరకు టౌన్‌షిప్ బాస్కెట్‌బాల్ జట్టులో పాయింట్ గార్డు. పొట్టివాడు, వేగం గలవాడు. జిల్లా జట్టుకు ఎంపిక కావచ్చునని శిక్షకుడు ఇంటికి వచ్చి చెప్పినారు. మేము ఆయనకు కాఫీ ఇచ్చి పంపివేసినాము. అబ్బాయిని ఇంటర్మీడియెట్‌కు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చినాము. అక్కడ నాలుగంతస్తుల భవనం ఉన్నది, ఆటస్థలం లేదు. అతడు ఎదురు చెప్పలేదు. మంచి ర్యాంకు వచ్చినది, మంచి ఉద్యోగం వచ్చినది. సెలవులకు వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఈ బొమ్మలు చూస్తూంటే, ఇంత వయసు వచ్చి ఇవేమిటని మందలించేవాళ్ళము.

2025 సంక్రాంతికి అతడు వచ్చినప్పుడు, గేటు ఫోటో తీసిన హక్కుతో, ఆ సినిమా ఏదో మాకు కూడా చూపించమన్నాము. 1996లో టెలివిజన్ ధారావాహిక సన్నో ఆటకు రాకముందే ఆగిపోయినది. 2022 డిసెంబరులో ఇనోవే స్వయంగా దర్శకత్వం వహించి ఆ ఒక్క ఆటనే సినిమాగా తీసినాడు. అభిమానులు 26 ఏళ్ళు కాచుకున్నారన్నమాట. ఇందులో కథకు కేంద్రం సకురాగి కాదు. మియాగీ అనే పొట్టి పాయింట్ గార్డు. ఒకినావా ద్వీపంలో చిన్నతనాన అన్నను సముద్రంలో పోగొట్టుకున్నవాడు. చివరి క్షణాలలో దర్శకుడు మాటలనూ సంగీతాన్నీ తీసివేసినాడు. మా ముందు గదిలో పంకా చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. స్కోరు 79-78 అని ముందే తెలిసి ఉండి కూడా మేము కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాము. పక్కకు చూస్తే మా అబ్బాయి కుడి మణికట్టు బంతి విడిచేవాని మణికట్టు వలె కదులుతున్నది.

సినిమా అయిన తరువాత తనంతట తానే చెప్పినాడు. "ఆ కాలేజీలో రాత్రి లైట్లు ఆర్పాక మంచం మీద పడుకుని గాలిలో షాట్లు వేసేవాణ్ణి నాన్నగారూ. రోజుకు వంద. లెక్క తప్పితే మళ్ళీ మొదటినుండి." కోపంగా చెప్పలేదు. లెక్క చెప్పినట్లు చెప్పినాడు. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఫోనులో మార్కులు అడిగిన మాకు ఈ సంగతి తెలియదు. మా శ్రీమతి లేచి వంటింట్లోకి వెళ్ళినది. మేము టీవీ ఆపి కూర్చున్నాము.

కనుమ నాటి ఉదయం ముగ్గురం టౌన్‌షిప్ కోర్టుకు వెళ్ళినాము. బంతి పక్క క్వార్టరు పిల్లలది. అబ్బాయి నాలుగైదు సార్లు వేసి, రింగు ఏదో తేడాగా ఉన్నదన్నాడు. చాలకాలం విడిచిపెట్టినందున అట్లా అనిపిస్తున్నదేమో అన్నాము. కాదన్నాడు. ఇంటికి వెళ్ళి టేపు, నిచ్చెన తెచ్చి కొలిచినాము. 2.97 మీటర్లు. కోర్టు మీద ఆ మధ్య కొత్తగా ఒక పొర కాంక్రీటు వేసినప్పుడు స్తంభాలను పైకి లేపలేదు. ఎనిమిది సెంటీమీటర్లు నేల మింగివేసినది. అబ్బాయి నవ్వి, అయితే తన చేయి సరిగానే ఉన్నదన్నాడు.

సివిల్ విభాగానికి కొలతలతో సహా ఉత్తరం వ్రాసినాము. స్తంభాల కింద వేయవలసిన బేస్ ప్లేటుకు కొలతల చిత్రం కూడా జతచేసినాము. వేసవి సెలవులలోపు పని పూర్తి చేస్తామని అక్కడి మిత్రులు మాట ఇచ్చినారు.